పుట్టుకతో ఒక చెంప లోతుగా ఉంటే: మామూలు కొవ్వా, కణాలు కలిపిన కొవ్వా?

తూనీగ | కొత్త సభ్యురాలు

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్ళిపోయేదాన్ని, మొదటిసారి రాస్తున్నాను.

నాకు 24 ఏళ్ళు. పుట్టుకతోనే మొహం కుడివైపు చిన్నది. ఫైల్లో క్రేనియోఫేషియల్ మైక్రోసోమియా అని ఉంది, చిన్నప్పటి కాగితాల్లో హెమీఫేషియల్ మైక్రోసోమియా అని రాశారు. కుడి చెవి ముడుచుకుని చిన్నగా ఉంటుంది, వినికిడి ఎడమ చెవితోనే. కింది దవడ కుడివైపు పొట్టి, దవడ లోపాన్ని రకాలుగా విడదీసే ప్రుజాన్‌స్కీ-కాబన్ లెక్కలో 2ఏ రకమట. పందొమ్మిదో ఏట పై దవడ, కింది దవడ రెండూ కోసి సరిచేశారు. పళ్ళ వరస సమానమైంది, గడ్డం మధ్యకి వచ్చింది. చెంప మాత్రం నిండలేదు. నిజం చెప్పాలంటే ఎముక సరైన తర్వాతే ఆ లోతు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఎడమవైపు నుంచి వెలుగు పడితే కుడి చెంప ఎముక కింద మొదలై దవడ అంచు దాకా అరచేతి వెడల్పున నీడ పడుతుంది. వీడియో కాల్‌కి ముందు కుర్చీని కిటికీ వైపు తిప్పుకోవడం నాకు ఎప్పుడు అలవాటైందో కూడా గుర్తులేదు.

ఇద్దరిని కలిశాను. మొదటి సర్జన్ నా పొట్ట దగ్గరి కొవ్వు తీసి చెంపలో ఎక్కిస్తామన్నారు. దాదాపు సగం పోవచ్చు, రెండు మూడు సార్లు చేయాల్సి రావచ్చు అని ముందే చెప్పారు. రెండో చోట "స్టెమ్ సెల్స్ కలిపి ఎక్కిస్తాం, ఒక్కసారితో అయిపోతుంది, కరగదు" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నిద్ర లేదు. దవడ ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు నోరు సరిగా తెరవలేక పడ్డ బాధ గుర్తుంది కాబట్టి, ఒక్కసారితో అయిపోతుందంటే ఆశ పుడుతోంది.

తెలిసినవాళ్ళు చెప్పండి. ఆ కణాలు నిజంగా పనిచేస్తాయా?

సూదీదారం | ప్లాస్టిక్ సర్జన్

తూనీగ గారూ, మిమ్మల్ని చూడకుండా మీకేం చేయాలో నేను చెప్పకూడదు. కానీ ఎక్కించిన కొవ్వు ఎందుకు పోతుందో తెలిస్తే మిగతాది మీరే చాలావరకు తేల్చుకోగలరు.

మేమంతా "కరిగిపోయింది" అంటాం గానీ అది కరగడం కాదు, కణాలు చచ్చిపోవడం. పొట్టలోంచి తీసిన కొవ్వుకి రక్తనాళం వెంట రాదు. కొత్త చోట నాళాలు పుట్టుకొచ్చేదాకా చుట్టుపక్కల కండ నుంచి ఊరే ద్రవంలోని ప్రాణవాయువే దానికి దిక్కు. ఆ ప్రాణవాయువు ఎంతో లోతుకి వెళ్ళదు. జపాన్‌లో యోషిమురా గారి బృందం 2012లో చూపించింది ఇదే: ఎక్కించిన తునక అంచు నుంచి సుమారు 0.3 మిల్లీమీటర్ల లోపల ఉన్న కొవ్వు కణాలే బతుకుతాయి. దాని తర్వాతి లోపలి పొరలో కొవ్వు కణాలు ఒకటి రెండు రోజుల్లోనే చనిపోయినా, వాటి మధ్య ఉండే మూలకణాలు, అంటే మీరు విన్న స్టెమ్ సెల్స్, ప్రాణవాయువు తక్కువైనా కొన్నాళ్ళు తట్టుకుని, మళ్ళీ కొత్త కొవ్వు కణాలుగా తయారవుతాయి. ఇంకా లోపలిది మాత్రం పోయినట్టే. అది నూనెగా మారి శరీరంలో కలిసిపోతుంది, లేదా మచ్చకండగా గట్టిపడుతుంది.

అందుకే ఎంత ఎక్కించాం అన్నదానికంటే ఎలా పరిచాం అన్నది ముఖ్యం. మొద్దు కొన ఉన్న సన్నటి గొట్టాన్ని లోపలికి పోనిచ్చి, వెనక్కి లాగుతూ, ఒక్కో దారిలో 0.1 మి.లీ. కన్నా తక్కువ వదలాలి. లోతుగా, మధ్యలో, పైపైన ఇలా పొరలు పొరలుగా, ఒక దారి ఇంకోదాన్ని కోసుకుంటూ పోవాలి. అమెరికా సర్జన్ సిడ్నీ కోల్‌మన్ 1990లలో పద్ధతిగా నేర్పింది ఇదే. కొవ్వు మార్పిడి ఆయన కనిపెట్టింది కాదు, 1893లోనే గుస్తావ్ న్యూబర్ చేతి కొవ్వుని కంటి కింద గుంటలో పెట్టాడు. అప్పుడైనా ఇప్పుడైనా చిన్న తునకలైతేనే నిలుస్తాయి.

మీకు మొదటి సర్జన్ చెప్పిన "సగం" అన్న మాట కూడా పాతదే. 1950లో పీర్ అనే ఆయన ఏడాది తిరిగేసరికి దాదాపు సగం పోతుందని రాశారు. ఈ రోజుకీ మంచి చేతుల్లో కూడా ఇటూ అటూగా అంతే. ముందే ఆ మాట చెప్పిన మనిషి మీద నాకు నమ్మకం కలుగుతోంది.

హంసిని_అమ్మ | సభ్యురాలు

తూనీగా, నా కూతురుకి కూడా ఇదే, ఎడమవైపు. ఇప్పుడు దానికి పదమూడేళ్ళు. తొమ్మిదో ఏట ఒకసారి, పదకొండో ఏట ఒకసారి, ఈ మధ్య మూడోసారి మామూలు కొవ్వే ఎక్కించారు. కణాలు అవీ లేవు.

నిన్ను భయపెట్టాలని కాదు, ముందే తెలిస్తే మంచిదని చెప్తున్నా. మొదటి వారం ఆ చెంప ఇంకో చెంప కన్నా పెద్దదైపోతుంది. కంటి కింద దాకా కమిలి నల్లబడుతుంది. రెండో వారంలో వాపు తీసి సమంగా కనిపిస్తుంది, ఆ రోజు ఇంట్లో అందరం అద్దం ముందే ఉన్నాం. ఆ తర్వాత నెలా రెండు నెలలు తగ్గుతూ తగ్గుతూ పోతుంది. ఆ తగ్గడం చూడటమే కష్టం. హంసిని రాత్రి పడుకునే ముందు రెండు అరచేతులూ రెండు చెంపల మీద పెట్టుకుని కొలుచుకునేది. "అమ్మా, ఇది ఇంకా కొంచెం చల్లగా ఉంది" అనేది. నాలుగో నెలకి ఆ చల్లదనం పోయింది, అప్పటికి చెంప కూడా ఒక చోట నిలబడింది.

ఇంకో మాట. మా పిల్ల బక్కగా ఉంటుంది. మూడోసారి పొట్ట దగ్గర చాలక తొడల లోపలివైపు నుంచి తీశారు. కణాల పద్ధతి గురించి నేను అడిగితే, దానికి ఇంకా ఎక్కువ కొవ్వు కావాలి, ఈ పిల్లలో అంత లేదు అన్నారు. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

మైక్రోన్ | కణజీవశాస్త్రం, పరిశోధన విద్యార్థి

హంసిని అమ్మగారి ప్రశ్నతోనే మొదలుపెడతాను, అసలు విషయం అందులోనే ఉంది.

కొవ్వులో కొవ్వు కణాలు మాత్రమే ఉండవు. వాటి మధ్యన రక్తనాళాల గోడల కణాలు, వాటిని అంటిపెట్టుకునే పెరిసైట్లు, తెల్లకణాలు, కొద్దిపాటి మూలకణాలు ఉంటాయి. కొవ్వులోని మూలకణాలు ఎముకగా, మృదులాస్థిగా, కండరంగా కూడా మారగలవని ప్యాట్రీషియా జుక్ బృందం 2001లో ప్రకటించాకే ప్రపంచం అటు తిరిగింది. కొవ్వుని కొలాజినేజ్ అనే ఎంజైముతో 37 డిగ్రీల వేడిలో అరగంట నుంచి గంట దాకా కదిలిస్తే అల్లిక విడిపోతుంది. తర్వాత గిర్రున తిప్పితే నూనె, కొవ్వు కణాలు పైకి తేలతాయి, అడుగున ఎర్రటి చిన్న ముద్ద మిగులుతుంది. దాన్ని స్ట్రోమల్ వాస్క్యులార్ ఫ్రాక్షన్ అంటాం, పొట్టిగా ఎస్‌వీఎఫ్. ఆ ముద్దని మిగతా కొవ్వులో కలిపి ఎక్కించడమే కణాలు కలిపిన కొవ్వు.

ఇప్పుడు లెక్క చూడండి. సక్షన్‌తో తీసిన కొవ్వులో మూలకణాలు, కోసి తీసిన కొవ్వులో ఉన్నవాటిలో దాదాపు సగమే ఉంటాయి. పెద్ద రక్తనాళాల చుట్టూ ఉండేవి లోపలే ఉండిపోతాయి. టోక్యోలో మత్సుమోతో, యోషిమురా వాళ్ళు 2006లో ఈ పద్ధతిని ప్రతిపాదించింది ఆ లోటు పూడ్చడానికే. తీసిన కొవ్వులో సగాన్ని ఎంజైముకి ఇచ్చేసి, వచ్చిన కణాల్ని మిగతా సగంలో కలుపుతారు. అంటే చెంపలోకి 25 మి.లీ. వెళ్ళాలంటే ఒంట్లోంచి కనీసం రెట్టింపు తీయాలి. బక్కపలచని పిల్లల్లో అదే చిక్కు.

ఇంకోటి, ఎస్‌వీఎఫ్ వేరు, మూలకణాలు వేరు. ఎస్‌వీఎఫ్‌లో మూలకణాలు కొద్ది శాతమే. ఆ ముద్దని చూపించి "ఇవన్నీ స్టెమ్ సెల్స్" అంటే అది తప్పు మాట.

తూనీగ | కొత్త సభ్యురాలు

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. అక్కా, హంసిని చెప్పిన ఆ "చల్లగా ఉంది" అన్న మాట చదివి కాసేపు అలాగే కూర్చున్నాను.

మైక్రోన్ గారూ, రెండో చోట నాకు ఒక కాగితం ఇచ్చారు. అందులో కణాలు కలిపితే 80 శాతం నిలుస్తుంది, కలపకపోతే 16 శాతమే అని ఉంది. లాన్సెట్ పత్రికలో వచ్చిందట. అది నిజమేనా? నిజమైతే ఇంక ఆలోచించడానికేముంది?

మైక్రోన్ | కణజీవశాస్త్రం, పరిశోధన విద్యార్థి

నిజమే. కానీ అది మీ చెంప గురించిన లెక్క కాదు.

అది 2013లో డెన్మార్క్‌లో కోలే బృందం చేసిన పరీక్ష. పదిమంది ఆరోగ్యవంతులు, రెండు చేతుల వెనక భాగంలో చెరో 30 మి.లీ. కొవ్వు ముద్ద. ఒక చేతిలో కణాలు కలిపింది, ఇంకో చేతిలో మామూలుది. 121 రోజులకి ఎమ్ఆర్ఐలో కొలిస్తే 80.9 శాతం ఒకటి, 16.3 శాతం ఇంకోటి. పరీక్ష చక్కగా చేశారు, నేను దాన్ని గౌరవిస్తాను. కానీ రెండు సంగతులు గమనించండి.

ఒకటి, అక్కడ కలిపింది అప్పటికప్పుడు తీసిన ఎస్‌వీఎఫ్ కాదు. ముందు కొంచెం కొవ్వు తీసి, మూలకణాల్ని ల్యాబ్‌లో రెండు వారాలు పెంచి, ఒక్కో మి.లీ. కొవ్వుకి రెండు కోట్ల కణాలు కలిపారు. కొవ్వులో సహజంగా ఉండేదానికి ఇది దాదాపు రెండు వేల రెట్లు. ఒకే పూటలో, ఒకే ఆపరేషన్ గదిలో ఎంజైముతో తీసే ముద్దలో అన్ని మూలకణాలు ఎక్కడి నుంచి వస్తాయి? మీకు ఇవ్వబోయేది ఏ రకమో ముందు అడగండి.

రెండు, మామూలు కొవ్వు 16 శాతమే నిలవడానికి కారణం సూదీదారం గారు పైన చెప్పేశారు. 30 మి.లీ.ని ఒకే ముద్దగా పెడితే లోపలిదంతా చచ్చిపోతుంది. మొహంలో ఎవరూ అలా పెట్టరు.

మీకు దగ్గరి పరీక్ష ఇంకోటుంది. బ్రెజిల్‌లో తానికావా బృందం సరిగ్గా మీలాంటి క్రేనియోఫేషియల్ మైక్రోసోమియా ఉన్నవాళ్ళ మీదే చేసింది, అదీ 2013లోనే ప్రచురితమైంది. మొత్తం పద్నాలుగు మంది. ఏడుగురికి కణాలు కలిపిన కొవ్వు, ఏడుగురికి మామూలుది. ఆరు నెలలకి సీటీలో కొలిస్తే సగటున కలిపినవాళ్ళలో 88 శాతం, మామూలువాళ్ళలో 54 శాతం నిలిచింది. ఇది చదివినప్పుడు నాకూ ఉత్సాహం వచ్చింది. మీ ఆశకి ఆధారం లేకపోలేదు అని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఎదురీత | సభ్యుడు

ఏడుగురు, ఏడుగురు. ఆరు నెలలు. దాని మీద ఒక అమ్మాయికి "ఒక్కసారితో అయిపోతుంది, కరగదు" అని మాట ఇవ్వొచ్చా? మైక్రోన్ గారి మీద కోపం కాదు, మాట ఇచ్చినవాళ్ళ మీద.

నాకూ పుట్టుకతోనే ఎడమ చెంప లోతు. నాలుగేళ్ళ కిందట ఒక చోట స్టెమ్ సెల్ కొవ్వు అని చేశారు. ఆ చోటు పేరు ఇక్కడ రాయను. అయ్యాక డిశ్చార్జి కాగితంలో ఎన్ని కణాలు, ఎన్ని బతికున్నాయి, ఏ ఎంజైము, ఏదీ లేదు. "కణాలు కలిపిన కొవ్వు, 30 మి.లీ." అని ఒక్క లైను. అడిగితే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాం కదా అన్నారు. తర్వాత ఇంకో సర్జన్ దగ్గర తెలిసింది, తిప్పడం అనేది మామూలు కొవ్వుకీ చేసేదేనని. కోల్‌మన్ పద్ధతిలో మూడు నిమిషాలు తిప్పేది నూనె, రక్తం, నీళ్ళు వేరుచేయడానికి. అంటే నాకు మామూలు కొవ్వే పెట్టి ఇంకో పేరు చెప్పారు.

మూడో నెలలో దవడ మూల దగ్గర శనగగింజంత గట్టి ఉండలు రెండు తగిలాయి. అల్ట్రాసౌండ్‌లో నూనె తిత్తులన్నారు. ఒకచోటే ఎక్కువ కుక్కితే ఇలా అవుతుందట. ఒకటి సూదితో లాగేశారు, ఇంకోటి అలాగే ఉంది, వేలు పెడితే జారుతుంది.

తూనీగ గారూ, మీరు ఆశ పెట్టుకోండి. కాగితం మీద రాయించుకుని పెట్టుకోండి.

నిర్వాహకులు

చర్చ బాగా నడుస్తోంది. ఒక్క మనవి: ఎవరూ ఆస్పత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు రాయవద్దు, ఫొటోలు పెట్టవద్దు. ఎదురీత గారు పేరు రాయకుండా చెప్పినట్టే మిగతావాళ్ళూ చెప్పండి.

సూదీదారం | ప్లాస్టిక్ సర్జన్

ఎదురీత గారూ, మీకు జరిగింది చదివి బాధ కలిగింది. మీ ప్రశ్న న్యాయమైనది. చిన్న పరీక్షలన్నిటినీ కలిపి 2018లో లాలోజ్ బృందం లెక్కగట్టింది. మొత్తం మీద కణాలు కలిపితే నిలిచే శాతం పెరుగుతోంది, కానీ ఆ లాభం 100 మి.లీ. లోపు ఎక్కించినప్పుడే కనిపించింది. రొమ్ము లాంటి పెద్ద చోట్ల తేడా తేలలేదు. మొహానికి కావలసింది ఎప్పుడూ తక్కువే కాబట్టి ఇది మనకి మంచి వార్తే. అయినా దాని వల్ల చేయాల్సిన సర్జరీల సంఖ్య తగ్గిందని మాత్రం తేలలేదు. "ఒక్కసారితో" అన్న మాటకి నేను ఒప్పుకోనిది అందుకే.

ఈ జబ్బులో ఇంకో అడ్డంకి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. పుట్టుకతో లోతుగా ఉన్న చెంపలో కొవ్వు ఒక్కటే తక్కువ కాదు. నమిలే కండరం చిన్నది, లాలాజల గ్రంథి చిన్నది, చర్మం కూడా పొట్టి, బిగుతు. నిండని దిండుకి గలీబు కూడా చిన్నదే అయినట్టు. లోపల గట్టి నారలు చర్మాన్ని ఎముకకి కట్టేసి ఉంటాయి. గొట్టం దూరుస్తుంటే చేతికి తెలుస్తుంది, మామూలు చెంపలో మెత్తగా వెళ్తుంది, ఈ చెంపలో కరకరమంటూ ఆగి ఆగి వెళ్తుంది. ఆ నారల్ని సూదితో అక్కడక్కడ తెంపి చోటు చేయాలి. చోటు లేకుండా 30 మి.లీ. కుక్కితే లోపలి ఒత్తిడికి రక్తం అందక కొవ్వు చస్తుంది, అప్పుడు ఎన్ని కణాలు కలిపినా ఒకటే. మొదటిసారి ఎక్కించిన కొవ్వే చర్మాన్ని కొంచెం వదులు చేస్తుంది, రెండోసారికి ఎక్కువ పడుతుంది. ఒకే అవసరానికి పలుమార్లు చేయడానికి అసలు కారణం ఇదే.

ముప్పుల సంగతి దాచను. కొవ్వు పొరపాటున ధమనిలోకి వెళ్తే చూపు పోవచ్చు, పక్షవాతం రావచ్చు. కనుబొమల మధ్య, ముక్కు దగ్గర ఈ భయం ఎక్కువ, చెంపలో తక్కువ. కానీ మీ జబ్బులో నాళాలు, మొహపు నరం ఉండాల్సిన దారిలోనే ఉంటాయన్న హామీ లేదు. అందుకే మొద్దు కొన గొట్టం, తక్కువ ఒత్తిడి, వెనక్కి లాగుతూనే వదలడం. ఎవరైనా పదునైన సూదితో లోతుగా ఎక్కిస్తామంటే లేచి వచ్చేయండి.

బరువు గురించి: పొట్ట కొవ్వు చెంపకి వచ్చినా దాని స్వభావం పొట్ట కొవ్వుదే. మీరు పది కిలోలు పెరిగితే ఆ చెంపా పెరుగుతుంది. బరువు నిలకడగా ఉన్నప్పుడే చేయించుకోండి.

మంచుగీత | సభ్యుడు

ఇక్కడ కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక తేడా చెప్పాలి. నాది పుట్టుకతో వచ్చింది కాదు. పదకొండేళ్ళ దాకా మొహం మామూలుగానే ఉండేది, తర్వాత మెల్లమెల్లగా ఒకవైపు ఎండిపోయింది. పారీ-రోంబర్గ్ అంటారు, పారీ 1825లో, రోంబర్గ్ 1846లో రాశారు. బయటికి చూస్తే మీ ఫొటో, నా ఫొటో ఒకేలా ఉండొచ్చు. కానీ నాది నడుస్తున్న జబ్బు, అది ఆగిందని తేలేదాకా, కనీసం ఏడాది రెండేళ్ళు మార్పు లేదని చూసేదాకా నాకు కొవ్వు పెట్టనన్నారు. ఆ రెండేళ్ళూ ప్రతి ఆరు నెలలకీ ఒకే చోట, ఒకే వెలుగులో ఫొటో. మీకు ఆ ఎదురుచూపు అవసరం లేదు, పుట్టుకతో వచ్చినది ఎక్కించిన కొవ్వుని తినేయదు.

కొరియాలో కో బృందం 2012లో నా జబ్బు వాళ్ళ మీదే చేసింది. ఐదుగురికి పెంచిన మూలకణాలు కలిపి, ఐదుగురికి కలపకుండా. కలిపినవాళ్ళలో సుమారు 21 శాతం పోయింది, కలపనివాళ్ళలో 47 శాతం. మళ్ళీ చిన్న గుంపే. కానీ దేశం వేరు, జబ్బు వేరు, తేడా మాత్రం బ్రెజిల్ వాళ్ళలాగే ఒకే వైపుకి ఉంది. నేను దాన్ని తీసిపారేయలేను.

కొండగాలి | సభ్యురాలు

నాకు కొవ్వు ఎక్కించలేదు, ఫ్లాప్ వేశారు. వీపు మీద భుజం ఎముక పక్కన ఉండే కొవ్వు పొరని రక్తనాళంతో సహా తీసి, మెడ నాళాలకి మైక్రోస్కోపు కింద కుట్టి చెంపలో పరిచారు. నాది 3వ రకం, దవడ కీలే లేదు, లోతు చాలా ఎక్కువ. అంత లోతుకి కొవ్వు ఎక్కిస్తూ పోతే ఎన్నిసార్లో చెప్పలేం అన్నారు.

మంచి ఏంటంటే, సొంత నాళంతో వచ్చింది కాబట్టి అలాగే నిలిచింది. కష్టం ఏంటంటే, పది గంటల ఆపరేషన్, వీపు మీద జానెడు మచ్చ, ఏడాది తర్వాత బరువుకి కిందికి జారి దవడ కింద సంచిలా వేలాడితే మళ్ళీ కోసి పలచన చేశారు. ఆ తర్వాత అంచులు సరిచేయడానికి చివరికి కొవ్వే ఎక్కించారు. 2ఏ రకానికి ఈ తోవ అవసరం ఉండకపోవచ్చు తూనీగా, నాకైతే వేరే దారి లేదు.

వెన్నెలవాన | సభ్యురాలు

ఎంజైము లేకుండానే కణాలు తీయొచ్చు, నానోఫ్యాట్ అని విన్నాను. అది చాలదా?

మైక్రోన్ | కణజీవశాస్త్రం, పరిశోధన విద్యార్థి

నానోఫ్యాట్ వేరే పని కోసం. టొనార్డ్ 2013లో చెప్పిన పద్ధతి. కొవ్వుని రెండు సిరంజిల మధ్య ముప్పైసార్లు అటూ ఇటూ నెట్టి, వడకడతారు. అందులో కొవ్వు కణాలన్నీ చితికిపోతాయి, మూలకణాలు మిగులుతాయి. చర్మం రంగుకి, మచ్చకి మేలు చేస్తుందని వాడతారు. గుంట నింపదు, ఎందుకంటే నింపే కణమే అందులో లేదు.

ఎంజైము వద్దనుకోవడానికి ఒక కారణం చట్టం. ఎంజైముతో విడదీసిన కణాల్ని చాలా దేశాల్లో మందుతో సమానంగా చూస్తారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017 మార్గదర్శకాల్లో ఆ మాటే ఉంది. అంటే అనుమతి పొందిన పరీక్షలో భాగంగా ఇవ్వాలి. ఎవరైనా ఎంజైము పద్ధతి ఇస్తామంటే ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం అడగడం మీ హక్కు, సిగ్గుపడాల్సిన పని లేదు.

తూనీగ | కొత్త సభ్యురాలు

నిన్న రెండు చోట్లకీ ఒకే ప్రశ్నలు రాసి పంపాను. మీరంతా చెప్పినవాటిలోంచే ఏరుకున్నాను: ఎంజైము వాడతారా, కణాల్ని లెక్కపెడతారా, ఎన్ని బతికున్నాయో అదే రోజు చూస్తారా, దేంతో కొలిచి నిలిచింది అంటారు, పరీక్షకి అనుమతి ఉందా.

మొదటి సర్జన్ సాయంత్రానికే జవాబిచ్చారు. "మేం కణాలు కలపం. మీకు సీటీ తీసి ఎడమవైపుని అద్దంలోలా తిప్పి కుడివైపు మీద పెట్టి ఎంత తక్కువుందో లెక్కేస్తాం. ఆరు నెలలకి మళ్ళీ అదే లెక్క. ఎంత పోయిందో మీకే అంకె చెప్తాం." ఇంకో వాక్యం రాశారు, అది నేను అడగలేదు: "చెంప నిండినా నవ్వు సమానం కాదు, మీ కుడివైపు కండరం బలహీనం, కొవ్వు దాన్ని కదిలించలేదు." చదివి కొంచెం ఏడ్చాను. కానీ ఇన్నేళ్ళలో నాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు.

రెండో చోట నుంచి ఫోన్ వచ్చింది. వచ్చి కూర్చుంటే అన్నీ వివరంగా చెప్తాం అన్నారు, రాసివ్వమంటే రాయలేదు.

మైక్రోన్ | కణజీవశాస్త్రం, పరిశోధన విద్యార్థి

కొవ్వు చికిత్సల మీద పనిచేసే రెండు అంతర్జాతీయ సంఘాలు 2013లో కలిసి ఇచ్చిన ప్రకటనలో ఎస్‌వీఎఫ్ కణాల్లో 70 శాతం కన్నా ఎక్కువ బతికుండాలని ఉంది. లెక్కపెట్టే యంత్రం ఉన్నవాళ్ళు ఆ అంకెని మీరు అడగకుండానే చెప్తారు.

తూనీగ | సభ్యురాలు

ఏడు నెలల తర్వాత మళ్ళీ రాస్తున్నాను, చాలామంది మెసేజ్‌లు పెట్టారు.

మొదటి సర్జన్ దగ్గరే చేయించుకున్నాను, మామూలు కొవ్వు. సీటీలో తేడా 31 మి.లీ. వచ్చింది. 25 పెట్టి ఆపేశారు, చర్మం ఇంక పట్టలేదట. పొట్ట దగ్గర రెండు వారాలు కర్రలా బిగుసుకుపోయింది, చెంప నొప్పి కన్నా అదే ఎక్కువ. అక్క చెప్పినట్టే రెండో వారం సంబరం, ఆరో వారం దిగులు. ఈ చర్చ మళ్ళీ మళ్ళీ చదువుకుంటూ గడిపాను.

పోయిన వారం సీటీ అంకె వచ్చింది. 25లో 14 నిలిచింది, 56 శాతం. చెంప మధ్యభాగం బాగా నిండింది, వేలితో నొక్కితే ఎడమవైపులాగే మెత్తగా ఉంది. దవడ అంచున మాత్రం మూడు వేళ్ళ మేర దాదాపు ఏమీ నిలవలేదు. పాత దవడ ఆపరేషన్‌లో ప్లేట్లు బిగించింది అక్కడే. ఆ చోట మచ్చకండ ఎక్కువ, రక్తం తక్కువ, అందుకే అంటున్నారు.

రెండోసారి ఎప్పుడు చేయించుకుంటే మంచిది? మచ్చ ఉన్న ఆ చోటికైనా కణాలు కలిపితే ఉపయోగం ఉంటుందా?

సూదీదారం | ప్లాస్టిక్ సర్జన్

56 అంటే మంచి అంకె. ఆరు నెలలు దాటాయి, వాపు లెక్కలో లేదు, చర్మం మెత్తబడి ఉంటే ఇప్పుడే చేయించుకోవచ్చు. దవడ అంచున ఈసారి నారల్ని ముందుగా తెంపి 4, 5 మి.లీ. మించకుండా పరచమనండి, మిగతాది చెంప ఎముక కింద పెట్టుకోవచ్చు. రక్తం తక్కువున్న మచ్చచోటే కణాలు ఎక్కువ మేలు చేయాలని సిద్ధాంతం. మీ సర్జన్‌కి తెలిసి అనుమతి ఉన్న పరీక్ష ఏదైనా నడుస్తుంటే అందులో చేరడానికి మీరు సరైన మనిషి, ఎందుకంటే ఒకే చెంపలో మామూలు కొవ్వు ఎంత నిలిచిందో మీ దగ్గర అంకె ఉంది. అలాంటిది లేకపోతే మామూలుదే మళ్ళీ చేయించుకోండి.

హంసిని_అమ్మ | సభ్యురాలు

పొట్ట బిగుతుకి ఈసారి నడుము బెల్టు మొదటి రోజు నుంచే వేసుకో తూనీగా, తీయకు. హంసిని నిన్ను అడగమంది: నీకూ చల్లగా అనిపించిందా, ఎన్నో నెలకి పోయింది?

తూనీగ | సభ్యురాలు

అనిపించింది అని చెప్పక్కా. ఐదో నెలకి పోయింది. చెంప ఎముక మీద మాత్రం రూపాయి బిళ్ళంత చోట ఇంకా ఉంది.